సముద్రం పక్కన ఉంటూ రోజూ ఫోటోలు తీసేవాళ్లు సాయంత్రం వీధి వైపు తిరగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సముద్రానికి నాలుగు వీధుల దూరంలోకి ఇల్లు మారారు. రోజూ సాయంత్రం ఇంట్లోవాళ్లతో కలిసి ఒడ్డుకు నడిచి వెళ్తున్నారు. చేతిలో ఫోనుంది, బీరువాలో ఒక పాత కెమెరా కూడా ఉంది. రెండు నెలల ఫోటోలు వరుసగా పెట్టి చూస్తే అన్నీ ఒకే సూర్యాస్తమయంలా కనిపిస్తున్నాయి. మనుషుల్ని తీస్తే మొహాలు నల్లబడుతున్నాయి. ఉప్పుగాలికి కెమెరా పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కొత్త లెన్స్ కొంటే ఫోటోలు మారతాయా అన్నది ఆఖరి ప్రశ్న.

లెన్స్ ఇప్పుడే కొనకండి. దాని సంగతి చివర్లో చెబుతాను. మీరు రోజూ అదే వేళకు వెళ్లి, అక్కడే నిలబడి, అటే చూస్తున్నారు. ఫోటోలు ఒకేలా వస్తున్నది అందుకే, ఏ లెన్సూ దీన్ని మార్చలేదు. మీ ఫోటోల్లో సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు కాబట్టి మీ సముద్రం పడమర దిక్కున ఉంది. అంటే సాయంత్రం నీరెండంతా సముద్రం మీదుగా వచ్చి మీ వెనకున్న ఇళ్ల మీద, అరుగుల మీద, నడిచొచ్చే మనుషుల మొహాల మీద పడుతోంది. అందరూ సూర్యుడి వైపు ఫోన్ ఎత్తి పట్టుకున్న ఆ అరగంటలో అసలు ఫోటో వాళ్ల వీపు వెనక ఉంటుంది. నేను చెప్పేదాంట్లో ముఖ్యమైనది ఇదే: ఒడ్డు నుంచి నాలుగడుగులు పైకి వచ్చి, వీధి వైపు తిరగండి.

సూర్యుడు కిందికి దిగినకొద్దీ వెలుగు ఎక్కువ గాలిపొర దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు, పసుపు మిగులుతాయి. ఆ వెలుగు పక్కనుంచి పడుతుంది కాబట్టి గోడ మీది పగుళ్లు, తలుపు చెక్క గీతలు, ఆరేసిన వల ముడులు అన్నీ తేలి కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే గోడ చప్పగా ఉంటుంది. సూర్యుడు మీ వెనక ఉన్నప్పుడు మీ నీడే ఫ్రేములోకి వస్తుంది. అందుకని సూర్యుణ్ణి సరిగ్గా వీపు మీద పెట్టుకోకుండా ఒక భుజం వైపు ఉంచుకుని నిలబడండి, నీడ పక్కకు పోతుంది.

సూర్యుడు ఫోన్లో మరీ చిన్నగా వస్తున్నాడని కూడా రాశారు. మామూలు ఫోన్ కెమెరా సుమారు 26 మి.మీ. లెన్స్‌కు సమానం (ఈ అంకె పెరిగినకొద్దీ లెన్స్ దూరాన్ని దగ్గరగా చూపిస్తుంది). దాంట్లో సూర్యబింబం ఫ్రేము వెడల్పులో దాదాపు 150వ వంతు మాత్రమే ఉంటుంది. కంటికి పెద్దగా అనిపించేది మన దృష్టంతా దాని మీదే ఉండటం వల్ల. బింబం పెద్దగా కావాలంటే 200 మి.మీ. లాంటి లెన్స్ కావాలి, అప్పుడు కూడా వెడల్పులో ఇరవయ్యో వంతే వస్తుంది. కాబట్టి సూర్యుణ్ణి ఫోటోకు నాయకుణ్ణి చేయకండి, వెలుగు ఇచ్చేవాడిగా చూడండి.

ఇక వీధిలో ఏం తీయాలి? సముద్రం ఆ వీధిని ఏం చేస్తోందో అది తీయండి. ఉప్పు తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు పలుకు తానే కరిగి పలచని నీటిపొర అవుతుంది, ఆ ఉప్పునీరు ఇనుము మీద నిలిచి తుప్పును ఎన్నో రెట్లు త్వరగా తెస్తుంది. అందుకే ఒడ్డును ఆనుకున్న వీధిలో గేట్లు, కిటికీ ఊచలు, ఏసీ బయటి డబ్బాలు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేచి ఉంటాయి. గాలిలోని ఉప్పు ఒడ్డు నుంచి లోపలికి వెళ్లినకొద్దీ చాలా త్వరగా తగ్గిపోతుంది. మొదటి వీధి గేటును, మీ నాలుగో వీధి గేటును ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తు నుంచి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సముద్రం ఒక్క చుక్క కూడా కనిపించకుండానే అది సముద్రం ఫోటో అవుతుంది.

చెట్లూ అంతే. ఒడ్డున చెట్లన్నీ గాలికి ఒకవైపు వంగి ఉంటాయని అనుకుంటాం. నిజానికి చాలా చెట్లు వంగవు. సముద్రం వైపున్న చిగుళ్లను ఉప్పు తుంపర మాడ్చేస్తుంది, రెండో వైపు చిగుళ్లు మాత్రమే పెరుగుతాయి. ఏళ్లు గడిచేసరికి దువ్వినట్టు ఒక పక్కకే కొమ్మలు మిగులుతాయి. ఈ సంగతి తెలిశాక అదే చెట్టును తీసే పద్ధతి మారుతుంది. మాడిన పక్క, పచ్చని పక్క రెండూ కనిపించే కోణం కోసం చెట్టు చుట్టూ తిరుగుతారు. ఇవి కాక రోడ్డు మీదికి పాకిన ఇసుక, దాన్ని రోజూ ఊడ్చే మనిషి, ఉప్పు పట్టి మసకబారిన కిటికీ అద్దం, ఆ అద్దంలోంచి కనిపించే దీపం, బోర్లించిన పడవ నీడలో నిద్రపోతున్న కుక్క, మెట్ల దగ్గర వదిలిన చెప్పులు, తడి పాదాలతో ఇంటికి పరుగెత్తే పిల్లల అడుగులు. రోజుకు ఒక్కదాన్ని ఎంచుకుని వెళ్లండి. ఇవాళ గేట్లు, రేపు చెప్పులు. అన్నీ తీయాలని బయల్దేరితే చివరికి మళ్లీ సూర్యాస్తమయమే తీసుకొస్తాం.

అలాగని సముద్రాన్ని పూర్తిగా వదిలేయమని అనడం లేదు. సముద్రాన్ని తీయాలనుకుంటే ఒకే చోటును ఎంచుకుని పట్టుదలగా తీయండి. జపాన్‌కు చెందిన ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1980 నుంచి ప్రపంచంలోని ఎన్నో సముద్రాలను నలుపు తెలుపులో తీస్తూ వచ్చారు. అన్నిటిలోనూ కింద సగం నీరు, పైన సగం ఆకాశం, మధ్యలో దిగంతం. పడవ లేదు, పక్షి లేదు, మనిషి లేడు. ఫ్రేము మారకపోవడం వల్లే ఒక్కో చోట గాలి, తేమ, వెలుగు ఎంత వేరుగా ఉన్నాయో తెలుస్తుంది. ఆయన తెలిసి చేసిన పనినే మీరు తెలియకుండా చేస్తున్నారు, అందుకే మీకు విసుగొస్తోంది. తెలిసి చేయండి. ఒక మెట్టు, ఒక కరెంటు స్తంభం, ఒక గోడ మూల, ఏదో ఒక గుర్తు పెట్టుకుని, ఫోన్ అక్కడే ఆనించి, ఆ గుర్తు ఫ్రేములో ఎప్పుడూ ఒకే చోట ఉండేలా తీయండి. ఏడాదిలో ఒడ్డు ఎంత మారుతుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. పెద్ద అలలు వచ్చే కాలంలో ఇసుక కోసుకుపోయి నీటి అడుగున తిన్నెలుగా చేరుతుంది, నెమ్మది అలల కాలంలో మెల్లగా ఒడ్డుకు తిరిగొస్తుంది. ఆస్ట్రేలియాలో 2017లో సిడ్నీ దగ్గర మొదలైన కోస్ట్‌స్నాప్ అనే ప్రాజెక్టు సరిగ్గా ఈ పనే చేస్తుంది. ఒడ్డున ఫోన్ పెట్టే స్టాండ్ బిగించారు. దారిన పోయేవాళ్లు దాంట్లో తమ ఫోన్ పెట్టి ఫోటో తీసి పంపుతారు. ఆ ఫోటోల నుంచి పరిశోధకులు తీరం ఎంత జరిగిందో కొలుస్తారు. మామూలు ఫోన్ ఫోటో విలువ అంతుంది. తేదీ, సమయం రాసి ఉంచండి.

సమయం అంటే గడియారం ఒక్కటే సరిపోదు, ఆటుపోట్లు కూడా తెలియాలి. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఆ చక్రం 24 గంటల 50 నిమిషాలు. అంటే ఇవాళ్టి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. దీని ఫలితం ఏమిటంటే, ఇవాళ సాయంత్రం ఆరింటికి నీరు బాగా వెనక్కి పోయి ఉంటే, వారం తర్వాత అదే ఆరింటికి నీరు నిండుగా ఉంటుంది. రెండు వారాలకు మళ్లీ ఇవాళ్టిలాగే అవుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు ఎక్కువ పైకి, ఆటు ఎక్కువ వెనక్కి వెళ్తుంది. మీ తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక ఫోన్లో పెట్టుకోండి. నాకు ఇష్టమైనది నీరు తగ్గుతున్న వేళ. అలలు కడిగిన ఇసుక మీద అడుగుల గుర్తులు ఉండవు, అల వెనక్కి జారిన రెండు మూడు సెకన్లు ఇసుక అద్దంలా మెరుస్తుంది. ఆకాశం రంగు, నడిచే మనిషి, వెలిగిన వీధిదీపం అన్నీ ఆ తడిలో తలకిందులుగా కనిపిస్తాయి. ఫోన్‌ను మోకాలి కంటే కిందికి దించండి. ఎంత కిందికి దించితే ప్రతిబింబం అంత నిండుగా వస్తుంది.

ఒక్కసారి పొద్దున్నే కూడా వెళ్లి చూడండి. పగలు నేల నీటి కంటే త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. మధ్యాహ్నం తర్వాత ఈ గాలి బలంగా ఉంటుంది కాబట్టి నీరు రేగుతుంది, తుంపర వల్ల దూరం మసకగా ఉంటుంది. రాత్రికి నేల చల్లబడి గాలి తగ్గుతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. అందుకే సాధారణంగా తెల్లవారుజామున నీరు నున్నగా ఉంటుంది, దూరపు పడవ కూడా తేటగా కనిపిస్తుంది. మీ తీరంలో సూర్యుడు ఇళ్ల వెనక నుంచి లేస్తాడు. మొదట ఒడ్డు నీడలో ఉంటుంది, దూరపు నీటికి ముందుగా ఎండ తగులుతుంది. చల్లని నీడలో ముందు భాగం, వెచ్చని ఎండలో వెనక భాగం, ఇది సాయంత్రం ఎప్పటికీ దొరకని ఫోటో.

సూర్యుడు దిగే చోటు కూడా ఏడాది పొడవునా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర సైతం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస వరకు దాదాపు 47 డిగ్రీలు కదులుతుంది, ధ్రువాల వైపు వెళ్లినకొద్దీ ఇంకా ఎక్కువ. మీ వీధి తిన్నగా పడమరకు సాగితే, సూర్యుడు సరిగ్గా వీధి చివర దిగే రోజులు ఏడాదిలో రెండు సార్లు వస్తాయి. అప్పుడు రెండు వరుసల ఇళ్ల గోడలూ ఒకేసారి వెలుగుతాయి. ఆ రోజులు ఎప్పుడో చూపించే యాప్‌లు ఉన్నాయి, కనుక్కుని రాసి పెట్టుకోండి.

ఇప్పుడు నల్లబడే మొహాల గురించి. మీరు మనిషిని సముద్రానికి, సూర్యుడికి అడ్డంగా నిలబెడుతున్నారు. కెమెరా ఆ మండే వెలుగును చూసి మొత్తం తగ్గించేస్తుంది. ఇది ఇవాళ్టి సమస్య కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రాన్ని తీసేటప్పుడు ఆకాశానికి సరిపెడితే నీరు నల్లగా, నీటికి సరిపెడితే ఆకాశం తెల్లగా వచ్చేది. ఆనాటి గాజు పలకలు నీలానికి అంతగా స్పందించేవి. ఆయన కొన్ని ఫోటోలకు ఆకాశాన్ని ఒక నెగెటివ్‌గా, సముద్రాన్ని వేరే నెగెటివ్‌గా తీసి, దిగంతం దగ్గర కలిపి ప్రింట్ వేశారు. మీ ఫోన్‌లోని హెచ్‌డీఆర్ ఇప్పుడు ఎక్కువ వెలుగుతో, తక్కువ వెలుగుతో తీసిన ఫోటోలను క్షణంలో కలిపి అదే చేస్తోంది. కాకపోతే కదిలే అలల అంచున అప్పుడప్పుడూ జంట గీతలు వస్తాయి, నొక్కేటప్పుడు చేయి కదలకుండా చూసుకోండి.

కానీ మొహాలకు నేను హెచ్‌డీఆర్‌ను నమ్ముకోను. మనిషిని తిప్పితే చాలు. మొహం సముద్రం వైపు, వీపు వీధి వైపు ఉండేలా నిలబెట్టండి. మీరు నీటి వైపు నుంచి తీయండి. సూర్యుడు ఇంకా ఎత్తులో ఉంటే కళ్లు చికిలించుకుంటారు కాబట్టి బింబం పలచబడేదాకా ఆగండి, లేదా సూర్యుడు దిగిపోయాక తీయండి. అప్పుడు ఆకాశమంతా ఒక పెద్ద మెత్తని దీపమవుతుంది, మొహం మీద గట్టి నీడ ఒక్కటీ ఉండదు. చాలామంది బింబం మునగగానే ఇంటిదారి పడతారు, మీరు మాత్రం ఇంకో ఇరవై నిమిషాలు ఉండండి. మిట్టమధ్యాహ్నమైతే సముద్రం వైపు తెరిచి ఉన్న వరండా కిందికి వెళ్లండి. నెత్తిన నీడ ఉంటుంది, ఎదురుగా మెరిసే ఇసుక నుంచి వెలుగు కింది వైపు నుంచి వచ్చి కళ్ల కింది నలుపును తీసేస్తుంది. స్టూడియో లైట్లు ఇంతకంటే మంచి వెలుగు ఇవ్వలేవని నా గట్టి నమ్మకం. సూర్యుడు వెనకే కావాలనుకుంటే స్క్రీన్ మీద మొహాన్ని నొక్కి వెలుగు పెంచండి, ఆకాశం తెల్లబడితే తెల్లబడనీయండి. లేదంటే మొహం వదిలేసి ఆకారం మాత్రమే నల్లగా కనిపించేలా తీయండి. అప్పుడు చేతులు, కాళ్లు ఒంటికి అతుక్కోకుండా విడివిడిగా ఉండాలి. నడుస్తున్న మనిషిని పక్కనుంచి, అడుగు బాగా చాచినప్పుడు తీస్తే బాగుంటుంది.

దీనికి తిరగబడిన సమస్య ఇంకోటి ఉంది. తెల్లని ఇసుక, నురుగు నిండిన ఫ్రేము బూడిదరంగులో వస్తుంది. కెమెరా ప్రతిదాన్నీ మధ్యస్థమైన వెలుగుకు తేవాలని చూస్తుంది కాబట్టి తెల్లదాన్ని కూడా దించేస్తుంది. పాత కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెట్టండి. ఫోన్లో అయితే నొక్కి వేలు కొంచెం పైకి జరపండి.

అలల విషయానికొస్తే షట్టర్ స్పీడ్‌తో, అంటే కెమెరా ఎంతసేపు వెలుగుకు తెరిచి ఉంటుందో దాంతో, ఆడుకోవడమే. రాతికి కొట్టుకుని చిమ్మే నీటిని చుక్కలుగా ఆపాలంటే సెకనులో 1000వ వంతు. వెనక్కి జారే నురుగు తెల్లని దారాల్లా కావాలంటే పావు సెకను నుంచి ఒక సెకను, దీనికి ట్రైపాడ్ కావాలి. 30 సెకన్లు పెడితే సముద్రం పొగమంచులా అవుతుంది. పగలు అంతసేపు తెరిచి ఉంచాలంటే వెలుగును 1000వ వంతుకు తగ్గించే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే నల్లని గాజు) వేయాలి. ఆ పొగమంచు ఫోటోలు నాకు అంతగా నచ్చవు, అందులో ఆ తీరం గుణం పోయి ఏ తీరమైనా ఒకేలా కనిపిస్తుంది. పావు సెకను దగ్గర నీటి నడక ఇంకా తెలుస్తుంది.

ఒక్క ఫిల్టర్ కొనాలనుకుంటే పోలరైజర్ కొనండి. తడి రాళ్ల మీది మెరుపును, నీటి పైమెరుపును తీసేసి లోపలి నాచును, గులకరాళ్లను చూపిస్తుంది. నీటిని దాదాపు 37 డిగ్రీల వాలులో చూస్తున్నప్పుడు బాగా పనిచేస్తుంది. ఆకాశం మీద సూర్యుడికి లంబంగా ఉన్న దిక్కులో ఎక్కువ పనిచేస్తుంది. తడి ఇసుకలో ప్రతిబింబం కావాలనుకున్నప్పుడు మాత్రం తీసేయండి, మీకు కావలసిన మెరుపునే అది మింగేస్తుంది.

దిగంతం వంకరగా ఉంటే ఎంత మంచి ఫోటో అయినా సముద్రం ఒలికిపోతున్నట్టు ఉంటుంది. గ్రిడ్ గీతలు ఆన్ చేసుకోండి. మనిషి తల మీదుగా, మెడ మీదుగా దిగంతం గీత పోకుండా కొంచెం వంగండి లేదా లేవండి. ఎత్తు నుంచి కూడా చూడండి. నిలబడిన మనిషి కంటికి దిగంతం దాదాపు 4.7 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పది మీటర్ల ఎత్తున్న డాబా ఎక్కితే అది 11 కిలోమీటర్లు దాటుతుంది. డాబా మీది నుంచి ఇళ్ల కప్పులు, నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, వాటి వెనక సముద్రం ఒకే ఫ్రేములోకి వస్తాయి. మీ పేట ఏమిటో చెప్పే ఫోటో అదే అవుతుంది.

కెమెరా భద్రత గురించి మీరు భయపడుతున్నంత అవసరం లేదు కానీ, అలవాట్లు గట్టిగా ఉండాలి. లెన్స్ మీద పడిన తుంపర ఆరాక ఉప్పు పలుకులు మిగులుతాయి, ఇసుక రేణువులు కూడా చేరతాయి. వాటిని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) ఊదండి, తర్వాత మంచినీటితో కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో ఒత్తి తీయండి, ఆ తర్వాతే పొడిగుడ్డ. కెమెరా ఒంటిని కూడా ఇంటికి రాగానే తడిగుడ్డతో తుడవండి, మర్నాటి దాకా ఆపొద్దు. రాత్రి తేమకు ఉప్పు కరిగి సందుల్లోకి దిగుతుంది. ఒడ్డున లెన్స్ మార్చకండి. ఒకటే బిగించుకుని వెళ్లండి. ట్రైపాడ్ కాళ్లను మంచినీటితో కడిగి, కీళ్లు విప్పి ఆరబెట్టండి. నీరు చొరదని చెప్పే ఐపీ68 గుర్తు ఉన్న ఫోన్‌ను కూడా సముద్రంలో ముంచకండి. ఆ పరీక్ష మంచినీటిలో చేసేది. ఉప్పునీరు తగిలితే మంచినీటితో కడిగి, ఛార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరేదాకా వైరు పెట్టకండి.

ఏసీ గదిలోంచి తీసిన కెమెరా ఉక్కగాలిలోకి రాగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. బయల్దేరే ముందు గాలి చొరని కవర్లో పెట్టి, అరగంట బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు తెరవండి. ఇక మీ పాత కెమెరా బీరువాలో ఉందన్నారు, నాకు అసలు బెంగ దాని గురించే. బట్టల మధ్య, తోలు సంచిలో, చీకట్లో, తేమలో ఉంచితే లెన్స్ లోపల బూజు పడుతుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బా, దాంట్లో తేమను పీల్చే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. అన్నిటికంటే మంచిది దాన్ని తరచూ బయటికి తీసి వాడటం.

వీధి వైపు తిరగమని చెప్పాను కదా, అది నీటికి దూరంగా వచ్చాకే. అల తగిలే చోట ఉన్నంతసేపూ సముద్రానికి వీపు పెట్టకండి. అలలు గుంపులుగా వస్తాయి. చాలాసేపు చిన్నవి వచ్చాక హఠాత్తుగా రెండు మూడు పెద్దవి వస్తాయి. రాళ్ల మీదికి వెళ్లే ముందు పావుగంటైనా నిలబడి చూడండి. రాయి తడిగా, నాచుతో నల్లగా ఉందంటే నీరు అక్కడిదాకా వస్తుందనే అర్థం, ఆ గీత దాటకండి. విరిగే అలల మధ్య ఒకచోట మాత్రం నీరు నున్నగా, ముదురు రంగులో కనిపిస్తే పిల్లల్ని అటు పోనివ్వకండి. ప్రశాంతంగా కనిపించే ఆ దారిలోనే నీరు లోపలికి లాగుతుంది. ఎవరైనా చిక్కుకుంటే ఎదురీదకుండా తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ లాగుడులోంచి బయటపడాలి. ఒడ్డునున్నవాళ్లు వెంటనే సహాయం కోసం పిలవాలి.

మనుషుల్ని తీయడం గురించి మీరు అడగలేదు కానీ వీధి వైపు తిరిగితే అది వస్తుంది. వల బాగుచేసుకునేవాళ్లు, పడవ దింపుకునేవాళ్లు పనిలో ఉన్నారు. మొదటి రోజు కెమెరా తీయకుండా పలకరించండి. అడిగి తీయండి, తీసింది చూపించండి, ప్రింట్ వేయించి తీసుకెళ్లి ఇవ్వండి. ఆ ప్రింట్ ఇచ్చిన రోజు నుంచి మీరు ఆ వీధి మనిషి అవుతారు. వద్దన్నవాళ్లను దూరం నుంచి జూమ్ చేసి తీయడం తప్పు. వేరేవాళ్ల పిల్లల్ని, ముఖ్యంగా స్నానాలు చేస్తున్నప్పుడు, తీయనే తీయొద్దు. సొంత పిల్లల ఫోటోలు పంచుకునే ముందు లొకేషన్ వివరం తీసేయండి. ఓడరేవు, నౌకాదళం, తీర రక్షక దళం ఉన్న చోట్ల చాలా దేశాల్లో ఫోటోల మీద నిషేధం ఉంటుంది, బోర్డులు చదవండి. ఇసుకలో వాలిన పక్షుల గుంపును ఎగిరే ఫోటో కోసం తరమకండి, వలస పక్షులకు ఆ విశ్రాంతి ప్రాణం. రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ల మీద ఫ్లాష్ గానీ ఫోన్ లైటు గానీ వేయకూడదు. అవి బెదిరి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతాయి, తాబేలు పిల్లలైతే వెలుగును చూసి దారి తప్పుతాయి.

ఇంట్లోవాళ్లతో వెళ్లేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకుంటే అందరికీ హాయిగా ఉంటుంది. వెళ్లేటప్పుడు ఫోన్ జేబులోనే ఉండాలి, మాట్లాడుకుంటూ నడవాలి, కళ్లతో మాత్రం చూసి పెట్టుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు తీయాలి. మీ ఇంటిదారి తూర్పుకే కాబట్టి సూర్యుడు మీ వెనక ఉంటాడు, కుటుంబం మీ ముందు నడుస్తుంటుంది, వెలుగు వీధి మీద ఉంటుంది. ఆగి పోజు ఇమ్మని ఎవరినీ విసిగించాల్సిన పనిలేదు. పెద్దవాళ్లు బల్ల మీద కూర్చుని సముద్రం చూస్తుంటే ఆ చూపునే పక్కనుంచి తీయండి. వాళ్లు ఏం చూస్తున్నారో ఫోటోలో కనిపించకపోయినా ఫర్వాలేదు.

ఇక లెన్స్. ఆరు నెలలు ఉన్నవాటితోనే తీయండి. తర్వాత మీకు బాగా నచ్చిన యాభై ఫోటోలు పక్కకు పెట్టి, ప్రతి ఫోటో వివరాల్లో ఉండే ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మి.మీ. అంకె) చూడండి. ఎక్కువ భాగం ఫోన్ మామూలు కెమెరాతోనో, 35 మి.మీ. దగ్గరో తీసినవైతే మీకు కొత్త లెన్స్ అవసరం లేదు. జూమ్ చేసి కత్తిరించినవి ఎక్కువుంటే 70 నుంచి 200 మి.మీ. లెన్స్ పనికొస్తుంది. అది డాబా మీది నుంచి ఇళ్లనూ సముద్రాన్నీ దగ్గరకు చేర్చి చూపిస్తుంది, దూరం నుంచి పక్షుల్ని కదిలించకుండా తీయనిస్తుంది. సాయంత్రం దాటాక తీసినవి ఎక్కువగా ఉండి, అన్నీ మసకగా వస్తుంటే ఎక్కువ వెలుగు లోపలికి రానిచ్చే 50 మి.మీ., ఎఫ్ 1.8 లెన్స్ చూడండి. పెద్ద కంపెనీలన్నిటిలోనూ తక్కువ ధరకు వచ్చే లెన్సుల్లో అదొకటి, సెకండ్ హ్యాండ్‌లో సులువుగా దొరుకుతుంది. కొనే ముందు టార్చి వెలుగు లెన్స్ లోపలికి వేసి సాలెగూడు లాంటి బూజు గీతలు ఉన్నాయేమో చూసుకోండి. సముద్రం దగ్గరి ఊళ్లలో అమ్మకానికి వచ్చేవాటిలో అది తప్పకుండా చూడాలి.